తల ఏ వైపు

బ్రాడ్వే వెనక సందులో
మా పటాల కొట్టు.
ముప్పై ఏళ్ళుగా దేవుళ్ళకీ, పోయినవాళ్ళకీ
చట్రాలు కడుతున్నాను.
ఇద్దరికీ తల పైనే ఉంటుంది.
కొక్కెం ఎక్కడ కొట్టాలో ఎవరినీ అడగక్కర్లేదు.

నిన్న ఆటోలో వచ్చిందో కేన్వాసు.
ఇంజంబాక్కం నుంచి తామరైసెల్వి గారు పంపారు.
వెనక పెన్సిలుతో తమిళంలో ఒకటే మాట,
మనిషి అని.
ముందేమో ఇటుకరంగు ముద్ద,
దాన్ని కోసుకుంటూ నల్లటి వంపు,
కిందనో పైనో
గోటితో గీరినట్టు ఒక తెల్లగీత.
కళ్ళు లేవు. ముక్కు లేదు.
"ఇదేం మనిషన్నా, పులుసు ఒలికినట్టుంది"
అన్నాడు గాజు తుడుస్తూ దస్తగిరి.

ఫోను చేస్తే ఆవిడ ఎత్తలేదు.
తెల్లారితే ఎగ్మూరులో ప్రదర్శన.
కుర్రాడు వెళ్ళాక షట్టరు సగం దించి
గోడకి ఆనించాను,
ఒకసారి ఇలా,
ఒకసారి తిప్పి.
అడ్డంగా పెడితే నిద్రపోతున్నవాడు,
సెంట్రల్ స్టేషను బయట పేపరు పరుచుకుని
మోకాళ్ళు పొట్టలోకి లాక్కున్నవాడు.
తలకిందులు చేస్తే ఏమీ కాదు,
ఒట్టి రంగు, ఆరని నూనె వాసన.
నాలుగోసారి తిప్పుతుంటే కరెంటు పోయింది.
వీధిలో ఏదో బండి లైటు
షట్టరు కిందనుంచి పాకి వచ్చి
ఆ తెల్లగీత మీద కాసేపు ఆగింది.

అది కాలు.

బరువంతా ఒక్క కాలిమీదే వేసి నిలబడ్డ కాలు.
నల్లవంపు, నడుము.
చంకన నిండుబిందె ఉన్నప్పుడు
రెండోవైపుకి ఒరుగుతుందే, ఆ ఒరుగు.

మా ఆదెమ్మ అలాగే నిలబడేది
ఆ కరువేడు, మింటు వీధి మలుపులో,
లారీ నీళ్ళు పట్టుకుని
నేను రెండో బిందెతో వచ్చేదాకా.
ఆమె ఫోటో నా కుర్చీ వెనకే ఉంది.
నేనే కట్టాను, టేకు చట్రం.
స్టూడియోలో నిటారుగా కూచోబెట్టి తీసింది.
కళ్ళున్నాయి. ముక్కుపుడక కూడా మెరుస్తుంది.
పదకొండేళ్ళుగా రోజూ తుడుస్తున్నాను గానీ
అందులో నడుము లేదని
నిన్న రాత్రే చూశాను.

పొద్దున ఆటో వచ్చేలోపు
చట్రానికి నాలుగువైపులా నాలుగు కొక్కేలు కొట్టాను.
ఎటు వేలాడదీసుకుంటారో వాళ్ళిష్టం.
బిల్లులో ఒక్క కొక్కేనికే రాశాను.
దస్తగిరి గొణుగుతూనే ఉన్నాడు.

ఒకదాని పక్కన మాత్రం
కనపడీ కనపడకుండా
పెన్సిలుతో చుక్క పెట్టాను.