నురుగు

ముప్పై ఒక్క ఏండ్లు
ఎంజీఎం దవాఖానల కట్లు కట్టిన చేతులివి.
నాగలి కర్రు దిగిన పాదం, షుగర్ తిన్న బొటనేలు,
ఏదొచ్చినా ముందుగాల సీసా మూత తీసేటోణ్ని.
పుండు మీద పడంగనే సుయ్యిమని తెల్లగ పొంగేది.
"పురుగులు సస్తున్నయి, ఓర్చుకో" అనేటోణ్ని.
నేను గూడ నమ్మిన.

కొలువు దిగినంక నర్సంపేట దిక్కు
ఎకరంన్నర చెల్కల మిర్ప పెట్టిన.
కార్తీకంల ఎనిమిది సాళ్లు
పొద్దుగాల పచ్చగ నిలబడి
మాపటికి తలకాయ వాల్చినయి.
మందుల దుకాణం పిలగాడు ఐదు లీటర్ల డబ్బా చేతికిచ్చి
"వేర్లకు గాలాడుతది కాకా,
నీళ్లల్ల ఇంతని కలిపి పొయ్యి" అన్నడు.
పేరు చదివి నవ్వొచ్చింది.
హైడ్రోజన్ పెరాక్సైడ్. పాత దోస్తు.

కొలువలే. చెయ్యి గురుతు మీద మొదళ్లకు పోసిన.
నేల పొంగింది.
గదే సుయ్యి, గదే తెలుపు.
ఓదెమ్మ సాలుకడ్డం కూసోని చూసి
"దానికి మంట పుడుతుందేమోనయ్యా" అన్నది.
మట్టికి మంటేంది?

మూడోనాడు తుపాను మబ్బు నాలుగు చినుకులు రాల్చింది.
పక్క కంది చేన్ల వాసన లేచింది,
బాట మీద గూడ లేచింది.
నా ఎనిమిది సాళ్లు తడిసినయి,
అంతే.
ఓదెమ్మ పిడికెడు తీసి తను చూసి, నా ముక్కుకాడ పెట్టింది.
కడిగిన స్టీలు ట్రే.

"వాన వాసన పుట్టిచ్చేటియి గూడ పురుగులే తాతా"
అన్నది ఏఈవో భూక్యా సంధ్య, మోకాళ్ల మీద వంగి.
"నురుగంటే అవి సచ్చుడు కాదు.
ఆ మందును ఇరగ్గొట్టి నీళ్లు చేస్తయి, గాలి చేస్తయి.
కొట్లాట అది. నువ్వు శానా పోసినవ్."

అప్పుడు యాదికొచ్చింది,
మూడో వార్డుల సర్జన్ సారు నా మణికట్టు పట్టి ఆపిన దినం.
"చూడు, ఎర్రగ గింజలు గింజలుగ కొత్త కండ లేస్తున్నది.
ఇగ పోస్తే కాలేది పుండు కాదు,
మానుడు."
ఒంటికి విన్న మాట
చేనుకు ఇనరాలే నాకు.

గట్టు మీద మోదుగు పొద కింద
ఆకు మురిగిన నల్లమన్ను గంపకెత్తి తెచ్చినం.
సాళ్ల పొంటి సల్లి, కట్టు కట్టినట్టు
వరిగడ్డి కప్పినం.
ఐదు సాళ్లు పోయినయి.
మూడు ఎట్ల పూసినయో సంధ్యకు గూడ తెల్వదు.
డబ్బా సగం మిగిలే ఉన్నది, సంచుల ఎనుక.

రోజూ తెల్లారంగ ఓదెమ్మ
చిటికెడు మన్ను తీస్తది, కండ్లు మూస్తది,
నాడి చూసే నర్సు లెక్క నన్ను మాట్లాడనియ్యది.
ఇయ్యాల పందొమ్మిదో దినం.
"జరంత" అన్నది.