పన్ను విరిగిన దువ్వెన

పర్లాకిమిడిలో మా వీధికి దారి అడగక్కర్లేదు,
ముక్కు చెబుతుంది.
కుంపటి మీద గేదె కొమ్ము మెత్తబడుతుంటే
అచ్చం జుట్టు కాలిన వాసన.
కొత్తకోడలిగా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నదాన్ని,
ఇప్పుడు పుట్టింటికి వెళ్తే రెండో పూటకే
గాలిలో ఏదో తక్కువైందని వెతుక్కుంటాను.

ఈయన కోస్తాడు. నేను నూనె రాసి, కాచి,
రెండు చెక్కల మధ్య బిగించి చదును చేస్తాను.
చేతులు వణకడం మొదలయ్యాక మావ రంపం వదిలేశాడు,
ఆకురాయి మాత్రం వదల్లేదు.
"అరగదీయడానికి వణికే చెయ్యే మేలు,
ఊరికే ఆడతాది, కూలి అడగదు" అంటాడు.
అని, తనే ముందు నవ్వుతాడు.

అన్ని కొమ్ములూ మాట వినవు.
గేదె బతికుండగా ఎక్కడో తగిలిన దెబ్బ
సన్నటి తెల్ల గీతై లోపల దాక్కుంటుంది.
పళ్లు కోసేదాకా కనిపించదు.
టిక్కుమంటుంది. అంతే.
పన్ను విరిగిన దువ్వెన బజారుకి పోదు,
వీధిలోకి పోతుంది.

మా వీధిలో దువ్వెన కొన్న ఇల్లు లేదు.
ఇస్త్రీ దాలయ్య వాళ్లది మూడో పన్ను లేనిది,
కుముదిని నానీది మధ్యలో రెండు లేనిది,
కొత్తగా వచ్చిన పోస్టుమేన్ భార్యకి
దువ్వెన ఇచ్చాకే పేరు అడిగాం.
సాయంత్రం ఆడపిల్లలు అరుగు మీద వరసగా కూచుంటే
ఎవరి తల ఏ ఇంట్లో దువ్వారో
మావ కళ్లజోడు లేకుండా చెబుతాడు.

మొన్న మంగళవారం
బరంపురం కొట్టుకి మూడు డజన్లు లెక్కపెట్టి చుడుతున్నాం.
ముప్పై ఆరోది టిక్కుమంది.
వెన్ను మీద నెమలిని చెక్కడానికి
రాత్రంతా మేలుకున్నాడు దానికోసం.
ఈయన మాట్లాడలేదు.
గుడ్డ మడత విప్పి, మళ్లీ మడిచాడు.

అప్పుడే పరిగెత్తుకొచ్చింది మా నీలవేణి
(పేరుకే నీలవేణి, జుట్టు భుజం దిగదు),
గుప్పిట్లో ముందు పన్ను,
నోట్లో కిటికీ.

"పేడముద్దలో పెట్టి పెంకుల మీద పడేయాల, బేగి!" అన్నాడు మావ.
"పెంకులేటి? మూషాకు దే" అంది గోడవతల్నించి కుముదిని నానీ.
ఎలుక కన్నంలో వేస్తే
ఎలుక పళ్లలాంటివే మొలుస్తాయట.
"మా ఇంట్లో అందరికీ పెంకుల మీదే."
"అయితే మీ ఇంట్లో నోళ్లు చూపించండి!"
మావ ఒక్క పన్నూ లేని నోరు బార్లా తెరిచాడు.
పోట్లాట గోడ దిగి మా వంటింట్లోకొచ్చింది,
అల్లం టీ తాగింది.

పిల్ల ఇద్దర్నీ చూసింది.
పొట్టులో వెతికి విరిగిన కొమ్ము పన్ను ఏరింది.
దాన్ని ఎలుక కన్నంలో వేసింది,
తనది పెంకుల మీదకి విసిరింది.
"ఏది ముందొస్తాదో సూద్దాం."
అప్పుడు నవ్వాడు ఈయన,
ఒళ్లో మూట జారిపోయేంత.

ముప్పై అయిదే వెళ్లాయి బరంపురానికి.

రోజూ పొద్దున్నే
అద్దంలో ఒకసారి, దువ్వెనలో ఒకసారి
చూసుకుంటుంది నీలవేణి.
చిగురులో తెల్లగా ఏదో పొడుస్తోంది.
దువ్వెనకింకా లేదు.
ఆ ఎలుకకి తెలుగు రాదేమోనని మావ అనుమానం.
ఈ వీధి ఎలుకకి రెండూ వచ్చు,
ఒట్టి బద్ధకం అంటుంది నానీ.

నేనా నెమలి దువ్వెనతోనే జడ వేస్తాను.
పన్ను లేని చోట ఒక్క పాయ
నాకు దొరక్కుండా జారిపోయి
బడి గంట కొట్టేదాకా
దాని చెవి పక్కన ఊగుతూనే ఉంటుంది.