తట్టి చూడడం

లీలామహల్ సర్కిల్ దాటినాక రెండో సందులో
నా నెట్ సెంటరు.
మూడొందల టికెట్లు, రూములు, ఆధార్లో తప్పుపడిన ఇంటిపేర్లు.
పదకొండేండ్లుగా ఈ వేళ్ళకు తెలిసిన లోకం ఇంతే.

మాధవమాల నుంచి ఆ పాప వచ్చిన దినం
సర్వరు కొండెక్కి ఉండాది.
(ఈ ఊర్లో ఆ మాటకు రెండర్థాలు.)
గోనెసంచిలో ఏందో బరువు.
పేరు మోహనవల్లి. చెంగల్రాయాచారి కూతురు.
"అన్నా, ఫిన్లాండ్‌లో కాలేజీకి అప్లికేషన్ పెట్టాల."
నర్సింగా, అని అడిగినా.
"చెక్కపని," అనింది.

చెక్కపనికి యూనివర్సిటీ!
గుడ్డకు, కుర్చీకి, గాజుకు, పాటకు కూడా
వాళ్ళు పట్టా ఇస్తారంట.
మీ నాయనకు పట్టా ఎవురిచ్చినారు పాపా, అంటే
నవ్వి, బొటనవేలి మీద ఉలి మచ్చ చూపించింది.
"నాకొకటే. ఆయనకు పదునాలుగు."

ఫారం తెరిచినా.
మొదటి ప్రశ్నకే ఇద్దరం చిక్కుకుంటిమి.
'ఈ పనిలో నీ సొంతం ఏది?'
గోనెలోంచి ఒక్కొక్కటే తీసి నా టేబుల్ మీద పెట్టింది.
యాళి మూతి వాళ్ళ తాతది.
కొలతలు శాస్త్రానివి, నూలుపోగు తప్పకూడదు.
ఏనుగు వీపున మెరుగు అమ్మది,
ఉప్పుకాగితం పట్టేది ఆమే.
"ఇంగ నాదేముందన్నా?"
ఖాళీ గడిలో కర్సరు
కొట్టుకుంటానే ఉండాది, బల్లి గొంతు మాదిరి.

ఆ ప్రశ్నను వదిలి కిందికి పోతిమి.
ఫోటోలు తీసినా. ఫైలు ఇరవై ఎంబీ దాటకూడదంట.
ఏనుగును కుదిస్తే కుదిరింది.
యాళిని కుదిస్తే పండ్లు పోయినాయి.

'చెడిపోయిన పని ఒకటి చూపించు.'
ఇదేం ప్రశ్న!
ఫెయిలైన పేపరును ఎవురన్నా ముందు పెడతారా?
పాప మాత్రం సంచి అడుక్కి చెయ్యి పెట్టింది.
చీరముక్క విప్పితే
ఒక ఆడమనిషి తల. నుదుటి నుంచి గడ్డం దాకా పగులు.
పొయ్యిలోకి పనికొస్తుందని నాయన విసిరేసినాడంట.
బియ్యం డబ్బా వెనక మూడేండ్లు దాచిందంట.
"పగిలినాక కొలత పనికిరాలేదన్నా.
పగులు ఎట్ల పోతే ఉలిని అట్ల పోనిచ్చినా."
అప్పుడు చూసినా:
ముఖం ఒక పక్క ఏందో చెప్పబోతాండాది,
ఇంకో పక్క విని ఊరుకునింది.
సొంతం గడిలోకి పోయి ఆ మాటే టైపు చేసినా,
నా ఇంగ్లీషులో, కొంచెం వంకరగా.

మార్చిలో ఇంటర్వ్యూ.
వాళ్ళూర్లో సిగ్నల్ నిలవదని నా కంప్యూటర్లోనే.
తెర మీద ముగ్గురు. వాళ్ళ కిటికీ బయట
కొబ్బరికోరు మాదిరి తెల్లంగా రాలతాండాది.
ఈడ ఫ్యాను ఉన్న వేడినే తిప్పి తిప్పి వడ్డిస్తాండాది.
"రూము దొరకతాదా సామీ?" అని తలుపు తోసినోళ్ళను
చేతులెత్తి దండం పెట్టి బయటికి పంపినా.

చెక్కను ఎట్ల ఎంచుకుంటావు, అడిగింది ఒక ముసలామె.
పాప ఇంగ్లీషు వెతుక్కునింది. దొరకలేదు.
ఉలి తిప్పి పట్టుకుని పిడితో
పగిలిన తలను తట్టింది. తర్వాత ఏనుగును.
నా చెవికి రెండూ ఒకటే.

అటుపక్క ముసలామె లేచిపోయింది.
అయిపోయింది, అనుకున్నా.
తిరిగొచ్చింది, చేతిలో ఒక మొద్దుతో.
వాళ్ళ దేశపు తెల్లతోలు చెట్టు, బర్చి అంటారంట.
మైకు దగ్గర పెట్టి వేలి కణుపుతో కొట్టింది.

మోహనవల్లి కండ్లు మూసుకునింది.
సముద్రాల కింద వైర్లలో నలిగి వచ్చిన చప్పుడు అది.
"పచ్చిది," అనింది, తెలుగులోనే.
"ఇంగో ఎండాకాలం ఆరాల."

నేను తర్జుమా చేసినా.
కాసేపు ఎవురూ మాట్లాడలేదు.
ముసలామె మొద్దును తిప్పి తిప్పి చూసుకుంటాండాది,
తన చేతిలోకి అది ఎప్పుడొచ్చిందో తెలీనట్ల.

జవాబు ఇంకా రాలేదు.
ఫోటోలకు, ఫారానికి నూటిరవై తీసుకున్నా.
ఆ దినానికి ఏం తీసుకోవాలో తెలీక
టీ నేనే తెప్పించినా.

ఆమె బస్సెక్కినాక, షట్టరు దించే ముందు
నా టేబుల్‌ను వేలి కణుపుతో తట్టి
చెవి ఆనించి విన్నా.
ప్లైవుడ్డు.
ఏమీ చెప్పలేదు.