తాళంచెయ్యి ఇచ్చేటప్పుడు

జర తల వంచి రాండ్రి సారూ,
ఈ దర్వాజ ఎత్తు తక్కువ.
పోయిన వారం ఒకాయనకు నొసలు బొప్పి కట్టింది,
అయినా ఫోన్ల ఐదు చుక్కలిచ్చిండంట.
మా సారు నవ్వుకుంట చెప్పిండు.

ఇగో తాళంచెయ్యి.
ఒక్కసారికి తిరగదు.
సగం తిప్పి, రెక్కను మోకాలితో లోపటికి నూకి
అప్పుడు తిప్పాలె.
మీకు రాదు. మొదటిసారి ఎవలికీ రాదు.
నేనైతే చీకట్ల, చంకల బిడ్డనెత్తుకొని తీసేదాన్ని.

చెప్పులు బయట ఇడిస్తే పొద్దుగాల దులిపి తొడుక్కోండ్రి.
బండల సందుల తేళ్ళుంటయి,
అవి బుకింగ్ చేస్కోకుంటనే వస్తయి.
ఆరు దాటితే మోటరు నడ్వదు, కాగు నింపి పెట్టిన.
రాత్రికి జొన్నరొట్టె, పుంటికూర.
పాపకు గట్టిగుంటే పాలల్ల నానేస్త.
గట్టు మీది సీతాఫలాలు
కండ్లు ఇప్పినయే తెంపుండ్రి,
కడమయి కోయిలకొండ అంగడికి పోయేటియి.

ఎన్నేండ్ల ఇల్లని అడుగుతున్నవా అక్కా?
బోర్డు మీద నూటయాభై అని రాసిండ్రు.
గోడలు మాత్రం నాలుగేండ్లయి.
లోపల సిమెంటు ఇటుక, పైన మన్ను.
పూసినోళ్ళల్ల నేనొకదాన్ని.
మేస్త్రి సాఫుగ రుద్దితే సారు కోపం చేసిండు,
వంకర ఉండాలె, చేతి గుర్తులు పడాలె అన్నడు.
గోడ సక్కగ అలకరాదని
ఇరవై ఏండ్లు తిట్టింది మా అత్త.
ఇంటే ఏమనునో.

కర్ర పాతదే, అబద్ధం లేదు.
దూలాలు కోస్గిల పడగొట్టిన ఇంటియి.
మొగురాలు ఏ ఊరియో, లారీల వచ్చినయి.
గూనపెంకలు పద్నాలుగు ఇండ్లయి,
పైకి చూడు, ఒక వరస రంగు ఇంకో వరసకు కలవది.
ఈ దర్వాజ

ఈ దర్వాజ మాది.

స్లాబు ఇల్లు మంజూరైనప్పుడు
పాతది కూలగొడితేనే బిల్లు అన్నరు.
పొద్దుగాల జేసీబీ వచ్చింది,
దాని ఎనకాలనే టేపు పట్టుకొని సారు మనిషి.
ఎనిమిది వేలన్నడు.
మా కుర్మయ్య తొమ్మిదన్నడు.
ఎనిమిదిన్నరకు తెగింది,
దర్వాజకు, కడపకు కలిపి.
కడప మీది పసుపు కడగనీయకుంటనే ఎత్తిండ్రు.
గా పైసలతోని ఇనుప తలుపు పెట్టిచ్చినం.
మంచిగనే ఉంది. చెద పట్టది.
ఎండకాలం ముట్టుకుంటే కాల్తది, గంతే.

ఇక్కడ ఒక రాత్రికి తొమ్మిది వేలంట కదా.
మొన్న ఒకామె రశీదు చదివి చెప్పింది.
ఇంటికి పోయి కుర్మయ్యకు చెప్పిన.
రొట్టె నములుకుంట
"నేనన్న రేటే" అన్నడు.

ఏం చూస్తున్నవ్ బిడ్డా,
ఎడమ రెక్క మీది గీతలా?
ఎలుక కొరికింది కాదు. కొడవలి మొనతోని నేనే గీసిన.
డెయిరీ బుచ్చయ్యకు పోసిన పాల లెక్క.
సేరుకు ఒక గీత,
పైసలిచ్చిననాడు అడ్డం గీత.
కింద పదకొండింటికి అడ్డం లేదు చూడు,
ఆ పదకొండు సేర్లు ఇంక రాలే.
వడ్లోళ్ళు రంద పట్టి తీసేస్తమంటే
సారే ఆపిండు, ఉండనీ, అందంగున్నయన్నడు.
పైన పాలిషు కొట్టిచ్చిండు, అద్దం లెక్క.
ఇగ బుచ్చయ్య తెచ్చిచ్చినా
కొట్టేసుడు ఎట్లనో నాకు తెల్వది.

సరే, నేను పోత.
అగో, చెలక అవతల తెల్ల బుగ్గ కనపడ్తలే, అదే మా ఇల్లు.
ఏమన్న కావాలంటే "మణెమ్మా" అని ఒక్క కేకెయ్యుండ్రి.

పండుకునేటప్పుడు లోపట గొళ్ళెం పెట్టుకోండ్రి.
జర గట్టిగ, సప్పుడు వచ్చేటట్టు.
ముప్పై ఏండ్లు లోపటికెంచి పెట్టిన గొళ్ళెం అది.
బయటికెంచి ఇనుడు
ఇంక అలవాటు కాలే.