తుప్పు తలుపు

కతోవీత్సెలో నవంబరు.
నాలుగింటికే దీపాలు.
ట్రాములో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీ.
నడుం దాకా జుట్టు, గొలుసులు, చొక్కా మీద పుర్రె.
ఎదురు సీటు ముసలావిడ సంచీని ఒళ్లోకి లాక్కుంటుంది.
అందులో రెండు క్యాబేజీలు,
వాటి ప్రాణానికి నేనే గండమైనట్టు.
పొద్దంతా పిల్లల పళ్ల ఆసుపత్రిలో
ఎక్స్‌రేలు తీసి వస్తున్నానని ఆవిడకు తెలీదు.
నేనూ చెప్పను.
భయపెట్టడంలో కాస్త సుఖముంది, దాచడమెందుకు.

పాత గని కార్మికుల స్నానాల గది కింద
మా సెల్లారు.
గుమ్మంలో స్టూలేసుకుని లెషెక్.
యాభై రెండేళ్లు, కొత్త మోకాలు.
టిక్కెట్లు చించడం ఉద్యోగం,
మనుషుల్ని చించడం అలవాటు.
"చొక్కా తొడిగావుగా, ఆ బ్యాండువి మూడు పాటలు చెప్పు."

చొక్కా మీద పేరు ఎవరికీ అర్థం కాదు.
ముళ్లకంప మీద కోడి పరిగెత్తినట్టుంటుంది.
చదవగలిగితే ఇంకేం గొప్ప?

మేం మడి కట్టుకున్నవాళ్లం.
తోలు జాకెట్టే మా మడిబట్ట, ఏళ్ల తరబడి ఉతకం.
కీబోర్డు సోకితే మైల.
పాట స్నానం చేస్తూ పాడుకునేలా ఉంటే మైల.
రేడియోలో వచ్చిందా, ఇక తద్దినమే.
నలభై మంది విన్నప్పుడు మావాళ్లు,
నాలుగు వేల మంది వింటే అమ్ముడుపోయినవాళ్లు.

ఇవాళ కింగా అనే అమ్మాయి వచ్చింది.
బేకరీలో పనిచేస్తుందేమో, మోచేతి మీద పిండి.
రెండు పాటలు చెప్పింది.
మూడోది తట్టక నవ్వేసింది.
"పేర్లు గుర్తుండవు నాకు.
ఆ డ్రమ్ములు కడుపులో మోగుతాయి చూడు, అందుకోసం వస్తాను."
"ఎవరి చొక్కా ఇది, నీ ప్రియుడిదా?" అన్నాడు లెషెక్.
వరసలో అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను.
గట్టిగా కాదు. సరిపోయేంత.
ఆమె కోటు జిప్పు మెడ దాకా లాక్కుని
టిక్కెట్టు చేతిలోనే ఉంచుకుని
మెట్లెక్కి వెళ్లిపోయింది.

ఆమె వెనకాల ఒక కుర్రాడు. పదిహేడుంటాయి.
గడగడా రెండు చెప్పాడు.
మూడోది, ఊపిరి పీల్చుకుని,
"తుప్పు తలుపు."

నా వెన్నులో చన్నీళ్లు.

పదహారేళ్లప్పుడు ఇదే గుమ్మంలో
నేనూ రెండు చెప్పి మూడోదానికి గుటకలు మింగాను.
లెషెక్ భుజం వెనక బాయిలరు గది తలుపు కనిపించింది,
అడుగంతా తుప్పు.
నోటికొచ్చింది అనేశాను.
లెషెక్ కళ్లు మూసుకున్నాడు, దేవుడి పేరు విన్నట్టు.
"తొలి క్యాసెట్టు. రెండో వైపు.
వంద కాపీలే తీశారు. నీకెక్కడ దొరికిందిరా?"

ఆ తర్వాత ఆ పాట నా చెయ్యి దాటిపోయింది.
గ్లివిత్సెలో వానలో దాన్ని వాయిస్తుంటే
విన్నానన్నాడు బోగుష్.
ఒకడు తన బైకిచ్చి ఆ క్యాసెట్టు తెచ్చుకున్నాడట,
ఎవరికీ చూపించడు.
అందులో గిటారు సోలో బాగా పొడుగని ఒకరు,
అసలు సోలోయే లేదని ఒకరు,
ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు.

"లోపలికి పో, నిఖార్సైనవాడివి," అన్నాడు లెషెక్.
కుర్రాడు నా పక్కనుంచి వెళ్తూ
ఒక్క క్షణం నా కళ్లలోకి చూశాడు.
ఆ తలుపుకి ఎప్పుడో పచ్చరంగు వేశారు.
అంటే, చూసి చెప్పలేదు.
ఎక్కడో విన్నాడు.

బ్యాండు మొదలయ్యేలోపే బయటికొచ్చాను.
స్టాపులో కింగా,
ఇనప కడ్డీ మీద వేళ్లతో తాళం వేస్తోంది,
కింద నేలలోంచి వస్తున్న డ్రమ్ములకు సరిగ్గా.
చెప్పాలనుకున్నాను, మూడో పాట నేను కల్పించిందేనని.
ట్రాము వచ్చింది.
ఆమె ముందు తలుపులో ఎక్కింది, నేను వెనక తలుపులో.

పక్క సీటు ఖాళీ.
షొపియెనిత్సె దాకా నేను కూనిరాగం తీస్తూనే ఉన్నాను.
సోలో ఉంది.
బోగుష్ చెప్పింది నిజమే,
వాన చప్పుడుతో మొదలవుతుంది.