మోకాలెత్తు ఇల్లు

రాత్రి డ్యూటీ దిగి
కర్నూలు పెద్దాసుపత్రి కాడ తొలి బస్సెక్కి
బేతంచెర్లలో కూతురింటికి వచ్చినాను.
చెప్పులిడిచి, భుజం మీది పిన్నీసు తీసి
చీరె ఎగదోపుకుని
బండపరుపు మీద మోకాళ్లూనినాను.

"ఏం పోగొట్టుకున్నావు వదినా?"
పక్కింటి ఖాజాబీ వాకిట్లోనుంచే నవ్వింది.
పోగొట్టుకోకముందే ఎతుకుతున్నా అనాల.
అనలేదు.

మా ఉరుకుందుకు పదో నెల.
మొన్నటి దాకా పెట్టినచోట ఉండేటోడు.
ఇప్పుడు పెట్టినచోట ఉండేది మనమే.

ఈ ఎత్తులోనుంచి చూస్తే
ఇల్లు వేరే ఊరు.
బల్ల మీది గుడ్డ కొస వేలాడతాంది,
పట్టుకుని లెయ్యి నాయనా అన్నట్టు.
ఆ గుడ్డకు పైకొసన పొగలు కక్కే టీ గిన్నె.
గోడకు చార్జరు తీగ,
ఫోను తీసేసినా స్విచ్చి ఆపని తీగ,
వాని నోటికి సరిగ్గా సరిపోయే ఎత్తులో.
మంచం కింద కూల్‌డ్రింక్ సీసా,
పైన నారింజకాయ బొమ్మ,
లోపల మా అల్లుడు బండలు తుడిచే ఆసిడ్.
సంచిలో నా బీపీ మాత్రలు,
తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంట్ల మాదిరి.

మా వార్డు రిజిస్టర్లో ఒక గడి ఉంది: కారణం.
సిస్టరమ్మ అందులో
"ప్రమాదవశాత్తు" అని రాస్తుంది.
రాసేందుకు ఎంతసేపు?
కట్టు మార్చేటప్పుడు
ఆ బిడ్డ చెయ్యి పట్టుకుని నిలబడేది నేను.
నాకు తెలుసు ఎంతసేపో.

తల్లులందరిదీ ఒకే మాట.
"ఒక్క నిమిషమే అమ్మా, గంజి వారుస్తాంటే..."
"ఒక్క నిమిషమే, కొళాయి వచ్చిందని కేకేస్తే..."
నేను ఎవురినీ ఏమీ అనను.
నాలుగు దినాలకొకసారి నీళ్లొచ్చే వీధిలో
బిందె తీసుకుని పరిగెత్తని తల్లి ఎవురు?
ఆ నిమిషాన్ని ఎవురూ ఆపలేరు.
అది వచ్చేలోపల
పొయ్యి మీది గిన్నె కాడ లోపలికి తిప్పి పెట్టొచ్చు,
అంతే.

వాకిట్లోకి పాకినాను.
అమ్మకానికి తెచ్చిన నల్లబండలు
గోడకు ఆనించి ఉన్నాయి ఆరు.
ఆనించినంత మాత్రాన నిలబడినట్టా?
పక్కనే గోలెం, మూత లేదు.
మనకు మోకాటిలోతు నీళ్లు.
తలకిందులుగా వంగితే
వానికి అదే బాయి.
పైన మిద్దె. పిట్టగోడ లేదు.
ఎండాకాలమంతా పడకలు అక్కడే,
నిద్దట్లో దొర్లే బిడ్డకు
మిద్దె అంచు యాడుందో ఎవురు చెప్పాల?

మా అల్లుడు మద్దిలేటి
పంటి పుల్ల నమలుకుంటా వచ్చినాడు.
"అత్తా, మేమందరం పెరగలేదా ఇట్లా?"

"పెరిగినోళ్లే అడుగుతారు నాయనా ఆ మాట,"
అన్నాను.
"పెరగనోళ్లకు అడిగే వీలు యాడిది?"

కాసేపు గోడ దిక్కు చూసినాడు.
పుల్ల ఊసేసి
పై బండ రెండు చేతులా పట్టుకుని
నేల మీద పడుకోబెట్టినాడు.
తర్వాత రెండోది.
మూడోదానికి ఖాజాబీ కొడుకు వచ్చి చెయ్యేసినాడు.
ఆసిడ్ సీసా అటక ఎక్కింది,
గోలెం మీదికి ఒక నాపరాయి పలక వచ్చింది.
పిట్టగోడకు మాత్రం
"పైనెల, అత్తా" అన్నాడు.
పైనెల దాకా పడకలు కిందనే అన్నాను.

అప్పుడు సాలించుకుని కూర్చున్నాను,
గొప్పగా, గడపకు వీపానించి.
ఉరుకుందు పాకుతా నా దగ్గరికే వచ్చినాడు
పిడికిలి బిగించి,
ఏదో గెలుచుకొచ్చినోని మాదిరి నవ్వుతా.

ఒక్కొక్క వేలే విప్పినాను.
నోరు తెరుచుకుని ఉంది
పిన్నీసు.

అది నాదే.