సీసపు చుక్కలు

ఎడిన్‌బరాలో ఆ సందుకి చలికాలపు ఎండ
రెండింటికి వచ్చి మూడింటికి వెళ్లిపోతుంది.
ఫొటోలు ఆ గంటలోనే తీసుకోవాలి.

పన్నెండో నంబరు. నా ఫైల్లో ఇల్లు ఇలా ఉంటుంది:
ఇసుకరాతి కట్టడం. మూడంతస్తులు, నేలమాళిగ.
తలుపు పైన విసనకర్రలా విప్పిన గాజు.
వీధి నుంచి ఆరు మెట్లు.
మార్చరాదు.
ఆ చివరి మాటకే నాకు జీతం.

ఎల్స్పెత్ మ్యూర్ గారికి ఎనభై రెండు.
నలభై ఏళ్లు పియానోలకి శ్రుతి సరిచేసిన చేతులు.
కిందటి జనవరిలో మంచుకి మూడో మెట్టు మీద జారి
తుంటి విరగ్గొట్టుకుంది.
అడిగిందల్లా ఒక్క ఇనుప కడ్డీ,
పట్టుకుని దిగడానికి.

రెండుసార్లు కాదన్నాం.
రెండో ఉత్తరం నేనే రాశాను,
"ముఖభాగపు సౌష్ఠవానికి భంగం" అని.
రాసినప్పుడు ఆ వాక్యం నాకు నచ్చింది కూడా.

మూడోసారి నేనే వెళ్లాను.
ఆవిడ తిట్టలేదు. టీ ఇచ్చింది.
గోడ దగ్గరికి తీసుకెళ్లి వేలి కణుపుతో తట్టింది.
"విన్నావా, ఇక్కడ గొంతు బొంగురుపోయింది."
డెబ్బైల్లో ఎవరో రాళ్ల సందుల్లో సిమెంటు కూరారు.
ఊపిరాడక రాయి లోలోపలే పొరలూడుతోంది.
సున్నమైతే తడిని పీల్చి వదిలేసేది.
మా తాత గానుగ సున్నంలో
బెల్లం నీళ్లు, కరక్కాయ రసం పోసేవాడని చెప్పాను.
"తీపి తిన్న గోడలన్నమాట!"
నవ్వుతూ నవ్వుతూనే తలుపు చెక్క పట్టుకుంది,
పడకుండా.
అక్కడ అరచెయ్యి మేర రంగు పోయి ఉంది.

"మార్చరాదంటారు మీరు.
నేను మారిపోయాను కదమ్మా, ఏం చేద్దాం?"

ఎండ ఇంకా పది నిమిషాలుంది.
మెట్టంచున మోకాళ్ల మీద కూచుని
తాళంచెవితో పాచి గీకాను, ఏం చెప్పాలో తోచక.
ముందు పచ్చగా, తర్వాత నల్లగా,
ఆ కింద పావలా బిళ్లంత మెత్తని సీసం.
మధ్యలో రంపం కోసిన ఇనుప మొదలు.
కింది మెట్టు మీద ఇంకోటి.
దాని కిందా ఇంకోటి.

యుద్ధం రోజుల్లో వీధి వీధంతా కడ్డీలు కోసుకెళ్లారు.
ట్యాంకులు చేస్తామన్నారట,
చేశారో లేదో ఎవరూ గట్టిగా చెప్పరు.
ఆవిడకి అప్పటికి పాలపళ్లు కూడా రాలేదు.

ఈ ఇల్లు కట్టినవాడికి
మనిషి జారతాడని తెలుసు.
ఇన్నేళ్లూ మేం కాపాడుతూ వచ్చింది ఒక కోతని,
సౌష్ఠవం అనుకుని.

"దాన్ని తాళంచెవితో కొట్టు," అంది పైనుంచి.
కొట్టాను.
తల వంచి వింది.
"శ్రుతి తగ్గింది గానీ బతికే ఉంది."

కాగితం మీద "కొత్తగా అమర్చుట" కొట్టేసి
"ఉన్నదాన్ని తిరిగి నిలుపుట" అని రాశాను.
కమిటీ మార్చిలో గాని కూచోదు.

మూడైంది. ఎండ వెళ్లిపోయింది.
ఆవిడ నా భుజం పట్టుకుని ఆరు మెట్లూ దిగి,
వీధి అటూ ఇటూ చూసి,
ఏ పనీ లేకుండానే
మళ్లీ ఎక్కింది.